ఇచిరో కొట్టినవి 117 హోమ్ రన్లే కదా, మరి అంత పేరెందుకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "నేను క్రికెట్ చూసి పెరిగినవాణ్ణి, ఈ మధ్యే బేస్‌బాల్ చూస్తున్నాను. జపాన్ ఔట్‌ఫీల్డర్ ఇచిరో సుజుకీని 2025లో అమెరికా హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారని చదివాను. అమెరికాలో 19 సీజన్లు ఆడి కొట్టింది 117 హోమ్ రన్లే, మిగతావి ఎక్కువగా సింగిల్సే. అంత గొప్పేముంది? రెండు దేశాలవీ కలిపి 4,367 హిట్లు అన్న లెక్కను ఒప్పుకోవాలా? మా అబ్బాయి స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడుతున్నాడు, అతని స్టైల్ నేర్పించొచ్చా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. గొప్పవాడే, అందులో అనుమానం అక్కర్లేదు. అయితే హిట్ల (బంతిని కొట్టి, ఔట్ కాకుండా బేస్ చేరడం) సంఖ్య చూసి ఆ మాట అనడం లేదు. బ్యాటు, కాళ్లు, విసిరే చెయ్యి, ఈ మూడింటితోనూ ఎదుటి జట్టుని మ్యాచ్ అంతా టెన్షన్‌లో పెట్టిన ఆటగాళ్లు చాలా తక్కువ. 4,367 అనేది రికార్డు కాదు, ఒక మనిషి జీవితకాలంలో చేసిన పని లెక్క. ఇక మీ అబ్బాయికి అతని స్వింగ్ నేర్పించకండి. పరుగు, త్రో నేర్పించండి.

నేను చాలా ఏళ్లుగా స్కూలు, కాలేజీ పిల్లలకి సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ కోచింగ్ ఇస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది క్రికెట్ నుంచి వచ్చినవాళ్లే. మీకొచ్చిన సందేహం వాళ్లందరికీ వస్తుంది, దానికి కారణం కూడా ఉంది. క్రికెట్‌లో సింగిల్ తీస్తే స్కోరుబోర్డు మీద ఒక పరుగు పడుతుంది. బేస్‌బాల్‌లో బేస్‌ల మీద ఎవరూ లేనప్పుడు సింగిల్ కొడితే ఏమీ పడదు, ఫస్ట్ బేస్ మీద నిలబడే హక్కు వస్తుంది, అంతే. అక్కణ్ణుంచి ఇంటికి, అంటే బ్యాటింగ్ చేసిన హోమ్ ప్లేట్ దగ్గరికి, తీసుకురావాల్సింది వెనక వచ్చే బ్యాటర్లు. హోమ్ రన్ అలా కాదు, బంతి కంచె దాటిపోతుంది, ఎవరి సాయమూ లేకుండా పరుగు వచ్చేస్తుంది. కాబట్టి సింగిల్ విలువ తక్కువ అనే వాదనలో తప్పు లేదు. చూడాల్సింది ఆ సింగిల్ ఎలా వచ్చింది, వచ్చాక ఏం జరిగింది అన్నది.

హోమ్ ప్లేట్ నుంచి ఫస్ట్ బేస్‌కి దూరం 90 అడుగులు, అంటే దాదాపు 27.4 మీటర్లు. ఎడమచేతి బ్యాటర్ ఆ దూరాన్ని 4.2 సెకన్లలో దాటితే మేజర్ లీగ్ (అమెరికాలో అగ్రశ్రేణి లీగ్) లెక్కలో సగటు వేగం. ఇచిరో మంచి వయసులో 3.7, 3.8 సెకన్లలో దాటేవాడు. అర సెకను కూడా లేదు కదా అనిపిస్తుంది. షార్ట్‌స్టాప్‌ని (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) అడగండి, ఆ కాస్త సమయంలో అతను బంతిని సరిగ్గా పట్టుకుని, కాలు సర్దుకుని, గురిచూసి విసురుతాడు. ఆ సమయం లేదని ముందే తెలిస్తే హడావుడి పడతాడు, బంతి జారుతుంది, త్రో పక్కకి పోతుంది. అలా కాకూడదని రెండడుగులు ముందుకొచ్చి నిలబడితే కాస్త గట్టిగా తగిలిన బంతి పక్కనుంచి దూసుకుపోతుంది. వేరే బ్యాటర్‌కి ఔట్ అయ్యే మామూలు గ్రౌండర్ (నేలమీద వెళ్లే బంతి) ఇతనికి హిట్ అయ్యేది ఇందుకే. దీన్ని అదృష్టం అనుకునేవాళ్లు ఫీల్డర్ల కాళ్లని చూడటం లేదు.

ఈ ఆట ఎక్కడ తయారైందో కొంచెం చెప్పాలి. ఇచిరో 1973 అక్టోబర్ 22న పుట్టాడు. ఊరు నగోయా పక్కన ఐచి ప్రాంతంలోని తొయొయామా. పుట్టుకతో కుడిచేతి వాటం, బంతి విసిరేదీ కుడిచేత్తోనే. బ్యాటింగ్ మాత్రం చిన్నప్పుడే ఎడమవైపుకి మార్చారు, ఎందుకంటే అటు నిలబడితే ఫస్ట్ బేస్‌కి ఒకటి రెండు అడుగులు కలిసొస్తాయి. తండ్రి నొబుయుకి రోజూ దగ్గరుండి ప్రాక్టీస్ చేయించేవాడు. అయికొదై మెయిదెన్ హైస్కూల్లో ఆడి, 1991 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) ఒరిక్స్ బ్లూవేవ్ జట్టుకి ఎంపికయ్యాడు. అదీ నాలుగో రౌండ్‌లో. సన్నటి కుర్రాడు కావడంతో పెద్ద అంచనాలు ఎవరికీ లేవు.

మొదటి రెండేళ్లు ఎక్కువగా రెండో జట్టులోనే గడిచాయి. కుడికాలు గాల్లోకి లేపి లోలకంలా ఊపి, శరీరం బరువంతా ముందుకి తెస్తూ కొట్టే పద్ధతి అతనిది. రెండో జట్టు కోచ్ కవమురాతో కలిసి దాన్ని తయారు చేసుకున్నాడు. మేనేజర్ (జట్టుని నడిపే ముఖ్య కోచ్) దొయి షోజోకి అది నచ్చలేదు. బ్యాటర్ వెనక కాలి మీద నిలబడి కొట్టాలన్నది అప్పటి పాఠం. ఆ పాఠంలో తప్పు లేదని కూడా చెప్పాలి, నూటికి తొంభై మందికి అదే సరైనది. 1994లో ఓగి అకిరా మేనేజర్‌గా వచ్చి, ఈ కుర్రాడి పద్ధతిని అలాగే వదిలేసి మొదటి జట్టులో రోజూ ఆడించాడు. జపాన్‌లో వీధికొకరుండే సుజుకీ అనే ఇంటిపేరు తీసేసి, జెర్సీ మీద ఒట్టి ఇచిరో అని రాయించిందీ ఆయనే.

ఆ ఏడాది ఇచిరో 210 హిట్లు కొట్టాడు. జపాన్‌లో అంతకుముందు ఎవరూ ఒక సీజన్‌లో 200 దాటలేదు. పాత రికార్డు 1950లో ఫుజిమురా కొట్టిన 191. యావరేజ్ .385, అంటే వంద ప్రయత్నాల్లో 38కి పైగా హిట్లు. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి, ఆ సీజన్‌లో మ్యాచ్‌లు 130 మాత్రమే. తర్వాత 2010లో మాట్ మర్టన్ 214తో, 2015లో అకియామా షోగో 216తో ఆ సంఖ్యని దాటారు. కానీ వాళ్లిద్దరూ ఆడింది 140 దాటిన మ్యాచ్‌ల సీజన్లలో. ఈ మ్యాచ్‌ల లెక్క మళ్లీ 2004లో, అమెరికాలో, తలకిందులుగా వస్తుంది.

1995 జనవరి 17న కోబె నగరాన్ని భూకంపం కుదిపేసింది. ఆరు వేలకి పైగా జనం చనిపోయారు. ఒరిక్స్ జట్టు సొంత ఊరు అదే. జట్టు ఊరు వదలకుండా అక్కడే ఆడింది. చొక్కా చేతుల మీద "గంబారో కోబె" అని రాసుకుని ఆ ఏడాది పసిఫిక్ లీగ్ గెలిచింది. ఆ సీజన్‌లో ఇచిరో యావరేజ్‌లోనే కాదు, బేస్ దొంగతనాల్లోనూ (బంతి వేస్తుండగానే పరిగెత్తి తర్వాతి బేస్ చేరడం), బ్యాట్‌తో పరుగులు తెప్పించడంలోనూ లీగ్‌లో మొదటి స్థానం. 25 హోమ్ రన్లు కూడా కొట్టాడు. అంటే బలం లేక సింగిల్స్ కొట్టినవాడు కాదు. మరుసటి ఏడాది 1996లో సొంత మైదానంలోనే ఇచిరో హిట్‌తో లీగ్ టైటిల్ ఖాయమైంది, ఆపైన యొమియురి జెయింట్స్‌ని ఓడించి జపాన్ సిరీస్ గెలిచారు. కోబెలో ఆ తరం వాళ్లకి అతను ఒక ఆటగాడి కంటే చాలా ఎక్కువ. అతని కెరీర్ గురించి రాసేటప్పుడు ఈ రెండేళ్లని ఒక వాక్యంలో దాటేయడం నాకు నచ్చదు. అమెరికా అంకెలే చూసేవాళ్లు అదే చేస్తుంటారు.

జపాన్‌లో వరసగా ఏడేళ్లు, 1994 నుంచి 2000 దాకా, బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అత్యధిక యావరేజ్) అతనిదే. 1997లో 216 సార్లు వరసగా బ్యాటింగ్‌కి వెళ్లి ఒక్కసారి కూడా స్ట్రైక్ ఔట్ (మూడు స్ట్రైక్‌లు పడి ఔట్) కాలేదు. పిల్లలకి నేను ముందుగా చెప్పే అంకె ఇదే. బంతి బ్యాట్‌కి తగలడమే పెద్ద సమస్య అయిన ఆటలో ఇది ఆషామాషీ విషయం కాదు.

2000 నవంబర్‌లో పోస్టింగ్ పద్ధతిలో (జపాన్ జట్టు తన ఆటగాణ్ణి అమెరికా జట్ల ముందు వేలానికి పెట్టడం) ఇచిరోతో మాట్లాడే హక్కు కోసమే సియాటిల్ మెరినర్స్ 1.31 కోట్ల డాలర్లకి పైగా ఒరిక్స్‌కి కట్టింది. అప్పటిదాకా జపాన్ నుంచి వెళ్లి పేరు తెచ్చుకున్నవాళ్లు హిదెయో నోమో లాంటి పిచర్లే (బంతి వేసేవాళ్లే). రోజూ ఆడాల్సిన బ్యాటర్ అక్కడి వేగానికి నిలబడతాడా అన్న అనుమానం అమెరికాలోనూ ఉంది, జపాన్‌లోనూ ఉంది. ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో బంతులన్నీ ఎడమవైపుకే తోస్తుంటే మేనేజర్ లూ పినియెల్లాకి బెంగ పట్టుకుంది. కుడివైపుకి లాగి కొట్టగలవా అని అడిగితే, ఆ వెంటనే హోమ్ రన్ కొట్టి చూపించాడు. పినియెల్లా తర్వాత చాలాసార్లు చెప్పిన సంగతి ఇది.

2001 సీజన్ ఫలితం: 242 హిట్లు, .350 యావరేజ్, 56 దొంగిలించిన బేస్‌లు. ఒకే ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు, లీగ్ అత్యుత్తమ ఆటగాడు అవార్డులు రెండూ వచ్చాయి. అంతకుముందు అలా గెలిచింది 1975లో ఫ్రెడ్ లిన్ ఒక్కడే.

ఇక త్రో సంగతి. ఔట్‌ఫీల్డ్ నేర్పేవాణ్ణి కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను. 2001 ఏప్రిల్ 11, ఓక్లాండ్‌లో మ్యాచ్. ఫస్ట్ బేస్ మీద టెరెన్స్ లాంగ్ ఉన్నాడు. రైట్ ఫీల్డ్‌కి ఒక సింగిల్ వెళ్లింది. అలాంటి బంతికి ఫస్ట్ నుంచి థర్డ్‌కి పరిగెత్తడం మంచి రన్నర్‌కి మామూలే. ఇచిరో పరిగెత్తుకొచ్చి బంతి అందుకుని, నేలకి సమాంతరంగా సూటిగా థర్డ్ బేస్‌కి విసిరాడు. ఫీల్డర్ గ్లవ్ కదపాల్సిన పని కూడా పడలేదు, లాంగ్ ఔట్. వీడియో దొరుకుతుంది, చూడండి. చేతి బలం ఎలాగూ కనిపిస్తుంది, మీరు మాత్రం కాళ్లని చూడండి. బంతి గ్లవ్‌లోకి వచ్చేసరికే శరీరం థర్డ్ బేస్ వైపు కదులుతూ ఉంటుంది. పట్టుకోవడం, విసరడం అని రెండు పనులు లేవు, ఒకటే పని.

మా దగ్గరికి క్రికెట్ నుంచి వచ్చే పిల్లలకి ఇక్కడే చిక్కు. బౌండరీ దగ్గర బంతి ఆపి, నిలబడి, కీపర్ వైపు విసరడం వాళ్లకి అలవాటు. బేస్‌బాల్‌లో బంతి గాల్లో ఉండగానే రన్నర్ ఎక్కడున్నాడు, ఏ బేస్‌కి విసరాలి, నేరుగానా, మధ్యలో ఉన్న కటాఫ్ ఫీల్డర్‌కా అన్నది తేల్చుకోవాలి. బలమైన చెయ్యి ఉన్న కుర్రాళ్లు కూడా ఆ నిర్ణయం ఆలస్యమై రన్నర్‌ని వదిలేస్తారు. చెయ్యి అంత బలం లేని అమ్మాయి ఒకామె మా జట్టులో రైట్ ఫీల్డ్ ఆడేది. ముందే ఆలోచించుకుని, కాళ్లు సర్దుకుని విసిరేది కాబట్టి ఎదుటి జట్లు ఆమె వైపు ఎక్స్‌ట్రా బేస్ తీసుకోవడం మానేశాయి. ఇచిరో విషయంలో అదే మేజర్ లీగ్ స్థాయిలో జరిగింది. ఆ త్రో చూశాక రన్నర్లు జాగ్రత్తపడ్డారు. పరిగెత్తని రన్నర్‌ని ఔట్ చేయడం కుదరదు కాబట్టి ఆ భయం విలువ మామూలు స్కోర్ పట్టీలో ఎక్కడా కనపడదు. 2001 నుంచి 2010 దాకా వరసగా పది గోల్డ్ గ్లవ్‌లు (ఉత్తమ ఫీల్డర్ అవార్డులు) వచ్చాయంటే కారణం ఇదే.

అదే పదేళ్లూ ప్రతి సీజన్‌లో 200కి పైగా హిట్లు. వాటిలో పెద్దది 2004. జార్జ్ సిస్లర్ 1920లో కొట్టిన 257 హిట్ల రికార్డు 84 ఏళ్లు నిలబడింది. అక్టోబర్ 1న ఇచిరో దాన్ని దాటి, సీజన్‌ని 262తో ముగించాడు. అందులో సింగిల్సే 225. సిస్లర్ కాలంలో సీజన్ 154 మ్యాచ్‌లు, ఇచిరో ఆడినవి 161. ఇందాక జపాన్‌లో చెప్పిన లెక్క ఇక్కడ రివర్స్ అయింది. అక్కడ తన చిన్న సీజన్ రికార్డుని పెద్ద సీజన్‌లో ఆడినవాళ్లు దాటారు, ఇక్కడ చిన్న సీజన్ రికార్డుని తను పెద్ద సీజన్‌లో దాటాడు. ఇచిరో అభిమానులు మొదటిదే చెప్తారు, సిస్లర్ అభిమానులు రెండోదే చెప్తారు. రెండూ చెప్పాలి. రికార్డు దాటిన రాత్రి గ్యాలరీలో కూర్చున్న సిస్లర్ కూతురి దగ్గరికి వెళ్లి ఇచిరో చేయి కలిపాడు. 2009 ఆల్ స్టార్ మ్యాచ్‌కి సెయింట్ లూయిస్ వెళ్లినప్పుడు సిస్లర్ సమాధి దగ్గరికీ వెళ్లాడు.

విమర్శలో నిజం ఎంత? కొంత ఉంది, దాచాల్సిన పని లేదు. ఇచిరో వాక్‌లు (నాలుగు చెడు బంతులు వదిలేస్తే ఉచితంగా దక్కే ఫస్ట్ బేస్) తక్కువ తీసుకునేవాడు. చెడు బంతిని కూడా కొట్టగలడు కాబట్టి కొట్టేసేవాడు. అమెరికా కెరీర్ యావరేజ్ .311 అయితే, బేస్ చేరిన శాతం .355 మాత్రమే. హిట్లతో పాటు వాక్‌లు కూడా బాగా తీసుకునే బ్యాటర్లు ఇంతకంటే ఎక్కువసార్లు బేస్ మీదకి వస్తారు. పరుగులు పుట్టించడం ఒక్కటే కొలబద్ద అయితే, అదే కాలంలో ఇతన్ని మించిన బ్యాటర్లు చాలామందే ఉన్నారు.

కానీ 2001నీ 2004నీ పక్కపక్కన పెట్టి చూడండి. 2001లో 242 హిట్లతో 127 పరుగులు పూర్తి చేశాడు, జట్టు 116 మ్యాచ్‌లు గెలిచి 1906 నాటి రికార్డుని సమం చేసింది. 2004లో హిట్లు ఇంకా ఎక్కువ, 262. వాక్‌లు కూడా కలిపితే 300 సార్లకి పైగా బేస్ మీదకి వచ్చాడు. పూర్తి చేసిన పరుగులు 101. జట్టు 99 మ్యాచ్‌లు ఓడింది. తన పని ఇంకా బాగా చేశాడు, వెనక ఇంటికి తెచ్చేవాళ్లే లేరు. సింగిల్ విలువ కొట్టినవాడి చేతిలో ఉండదని అన్నది అందుకే. దాన్ని ఇచిరో లోపంగా రాసేవాళ్లతో నేను ఏకీభవించను. ఎదుటి మేనేజర్లు అతన్ని ఎలా చూశారన్నది నాకు మంచి కొలత. 2002లో 27 సార్లు కావాలని వాక్ ఇచ్చి ఫస్ట్ బేస్‌కి పంపేశారు. మామూలుగా ఆ మర్యాద హోమ్ రన్ వీరులకి దక్కేది.

ఒక్క సింగిల్ మొత్తం టోర్నీని తేల్చేసిన సందర్భం కావాలంటే దేశాల మధ్య జరిగే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ 2009 ఫైనల్ చూడండి. డాడ్జర్ స్టేడియంలో కొరియాతో మ్యాచ్, 3-3తో పదో ఇన్నింగ్స్‌కి వెళ్లింది. ఫైనల్ దాకా ఇచిరో బ్యాట్ సరిగ్గా ఆడలేదు. రెండు ఔట్లు, సెకండ్, థర్డ్ బేస్‌ల మీద రన్నర్లు. పిచర్ ఇమ్ చాంగ్-యోంగ్ బంతుల్ని ఒకటొకటిగా ఫౌల్ చేస్తూ (గీతల బయటికి కొడుతూ) నిలబడి, చివరికి సెంటర్ ఫీల్డ్‌కి సింగిల్ కొట్టాడు. రెండు పరుగులు, 5-3, కప్పు జపాన్‌ది. ఆ టోర్నీ ఒత్తిడి ఎంతంటే, తర్వాత కడుపులో పుండు బయటపడి ఆ సీజన్ మొదటి ఎనిమిది మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. అమెరికా వెళ్లాక గాయాల జాబితాలో పేరు ఎక్కడం అదే మొదటిసారి.

2011లో 184 దగ్గర ఆగిపోవడంతో 200 హిట్ల వరస తెగింది. 2012 జులైలో న్యూయార్క్ యాంకీస్‌కి మారాడు, 2015లో మయామీకి. 2016 ఆగస్టు 7న డెన్వర్‌లో ట్రిపుల్‌తో (థర్డ్ బేస్ దాకా చేర్చే హిట్) అమెరికాలో మూడు వేల హిట్లు పూర్తి చేశాడు. 2018లో సియాటిల్‌కి తిరిగొచ్చి, 2019 మార్చి 21న టోక్యో డోమ్‌లో చివరి మ్యాచ్ ఆడి 45 ఏళ్ల వయసులో రిటైర్ అయ్యాడు. చివరి ఏళ్లలో అంకెలు తగ్గాయి, అందులో వాదించడానికి ఏమీ లేదు. మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ ఒక్కటి కూడా ఆడలేదు.

4,367 లెక్క. జపాన్‌లో 1,278, అమెరికాలో 3,089. మేజర్ లీగ్ హిట్ల రికార్డు ఉన్న పీట్ రోజ్ తన 4,256 హిట్లూ అక్కడే కొట్టాడు. కాబట్టి రెండు లీగ్‌లవి కలిపి రోజ్ రికార్డు పోయిందనడం సరికాదు, మేజర్ లీగ్ కూడా అలా గుర్తించదు. పిచింగ్ స్థాయి, ప్రయాణాలు, మ్యాచ్‌ల సంఖ్య అన్నీ వేరు. అలాగని జపాన్ హిట్లని చెత్తబుట్టలో వేయడమూ సరికాదు. జపాన్‌లో .353 కొట్టినవాడు అమెరికాలో మొదటి ఏడాదే .350 కొట్టాడు, అతని విషయంలో స్థాయి తేడా పెద్దగా అడ్డు రాలేదని అదే చెప్తోంది. నన్నడిగితే గట్టి అంకె 4,367 కాదు, 3,089. ఆ మూడు వేలకి చేరినవాళ్లలో ఎక్కువమంది ఇరవై, ఇరవై రెండేళ్లకే మేజర్ లీగ్‌లో మొదలుపెట్టినవాళ్లు. ఇతను మొదలుపెట్టింది 27 ఏళ్లకి. 2025 జనవరి ఓటింగ్‌లో 394 మందిలో 393 మంది అతనికి ఓటేశారు. ఆసియాలో పుట్టినవాళ్లలో ఆ హాల్‌లోకి వెళ్లిన మొదటి ఆటగాడు అతనే.

ఇప్పుడు మీ అబ్బాయి సంగతి. ఇచిరో కాలు ఊపే స్వింగ్‌ని కాపీ చేయనివ్వకండి. శరీరం అంత ముందుకి జరుగుతున్నా అతని చేతులూ బ్యాటూ చివరి క్షణం దాకా వెనకే ఆగి ఉంటాయి. వీడియోల్లో పిల్లలకి కాలు కనిపిస్తుంది, ఆ ఆగడం కనిపించదు. నేను చూసినంతవరకు కాపీ చేసిన పిల్లలు స్లో బంతికి ముందే వంగిపోయి గాల్లో ఊపుతారు. కుదురుగా నిలబడి కొట్టడం వచ్చేదాకా ప్రయోగాలు వద్దు.

అయితే సాఫ్ట్‌బాల్‌లో మీకు ఇంకో దారి ఉంది. బేస్‌ల మధ్య దూరం 60 అడుగులే కాబట్టి, ఎడమచేతి బ్యాటర్ కదులుతూ బంతిని నేలమీదకి తోసి పరిగెత్తే స్లాప్ బాగా పనిచేస్తుంది. ఆలోచన ఇచిరోదే, నేర్చుకోవడం తేలిక. మీవాడు వేగంగా పరిగెత్తుతాడా, వయసు పన్నెండు లోపేనా? అయితే ఎడమవైపు నిలబడి ప్రయత్నించనివ్వండి. బంతి తగిలే సమయానికి కాలు పూర్తిగా బాక్స్ (బ్యాటర్ నిలబడే గీతల గడి) బయట నేలమీద ఉంటే ఔట్ ఇస్తారు, అది మొదటిరోజే చెప్పండి. హైస్కూల్ దాటిన కుడిచేతి బ్యాటర్‌ని మాత్రం బలవంతంగా మార్చొద్దు.

అన్నిటికంటే ముందు, బంతి తగలగానే తల తిప్పి చూడకుండా ఫస్ట్ బేస్ దాటేదాకా పూర్తి వేగంతో పరిగెత్తమనండి. ఔట్ అని తెలిసిన బంతికి కూడా. మీవాడి వయసు, ఏ చేతి వాటం, ఏ పొజిషన్ ఆడుతున్నాడో కింద రాయండి, దాన్నిబట్టి వారానికి సరిపడా డ్రిల్స్ చెప్తాను.